ప్రార్థన అయ్యేలోపల చచ్చిన చీమ

1969 ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, పొద్దున ఎనిమిది గంటలకు మా అత్త నా అరచేతిల రేగుపండంత ఉండ ఒకటి పెట్టింది. గంట సంగతి నాకు అనుమానం లేకుండ యాదికున్నది. మెహిదీపట్నం పోయే ఎనిమిది గంటల బస్సు అప్పుడే హారన్ కొట్టుకుంట మా వాకిలి ముంగటికెల్లి పోయింది. ఆ నెలల బస్సులు ఇంకా టైముకే పోతుండె.

నాకు నాలుగో నెల. పొద్దున లేస్తె వాంతి, అన్నం ఉడికే వాసనకు వాంతి, మంచినీళ్లకు కూడ వాంతి. చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది నిండలేదు. గాజులు మోచేతి దాంక జారుతుండె.

"మింగు పిల్లా, నమలకు. చేదుంటది," అన్నది అత్త.

"ఏం మందు అత్తమ్మా?"

"పేరడిగితె మందు పని చెయ్యదు."

మింగిన. కొద్దిసేపటికి ఆకలైంది. పచ్చిపులుసుతోని మూడు జొన్నరొట్టెలు తిన్న. ఉత్తగనే నవ్వొచ్చింది. పెరట్ల కోడి ఒంటికాలు మీద నిలబడితె దాన్ని చూసి కండ్లల్ల నీళ్లొచ్చే దాంక నవ్విన. అత్త గడప మీద కూసోని, "చూసినవా, తిన్నది కడుపుల నిలబడ్డది," అన్నది. ఆ రోజు ఆమె మొఖంల ప్రేమే ఉండె. అది రాయకపోతె నా లెక్క తప్పుతది గనుక రాస్తున్న. ఆమె పేరు మీద నేను రాసే మంచి మాట ఇదొక్కటే.

ఆ ఉండ గంజాయిది. చచ్చిపోయిన మా మామ నడుం నొప్పికి పట్నం నుంచి తెచ్చుకుంటుండెనంట. అత్త దాన్ని నెయ్యిల వేయించి, బెల్లం, గసాలు కలిపి ఒక నల్లరాయి మీద నూరేది. నాకు అయిదో నెలల ఆ రాయి కడుగుతుంటె వాసన తెలిసింది. అడిగిన. "మందే కద" అన్నది. మూడు రోజులు మానిన. మళ్ల నీళ్లు కూడ నిలబడలేదు. నాలుగో రోజు ఆమె పెట్టింది, నేను మింగిన. మింగినదానికి జవాబు నేను చెప్పుకుంట. ఆమె చెప్పిన అబద్ధానికి జవాబు నాది కాదు.

ఆమె మా చర్చిల స్త్రీల సంఘానికి పెద్ద. ఆదివారం బెంచీల ముంగట నిలబడి కల్లు తాగేటోళ్ల గురించి, గంజాయి పీల్చేటోళ్ల గురించి పేర్లు చెప్పకుండ, ఎవరి గురించో అందరికి తెలిసేటట్టు ప్రార్థన చేసేది. ఒక ముసలమ్మ నోట్ల బీడీ వాసన వచ్చిందని ఆర్నెల్లు సంఘంలకు రానియ్యలేదు. అటువంటామె ఇంట్ల గంజాయి నూరుతదని ఎవరనుకుంటరు? ఉండలు చేసి ఒక రేకు డబ్బిల పోసి, "నీ పెట్టెల పెట్టుకో, పొద్దున నాకు ప్రార్థనకు ఆలస్యమైతది, నువ్వే తీసుకొని మింగు," అన్నది. ఆ డబ్బి మా అమ్మ చేవెళ్ల నుంచి లడ్డూలు పోసి పంపిన డబ్బి. మూత మీద గులాబి పువ్వు బొమ్మ. సంఘంల అందరు దాన్ని చూసిన్రు, ఆ లడ్డూలు తిన్నరు.

తొలిసూరు కాన్పు తల్లిగారింట్ల కావాలె. జూన్‌ల నన్ను తోలుకపోవాలనుకున్నరు. జూన్‌ల ఊర్లు ఎట్లుండెనో అప్పుడు బతికి ఉన్నోళ్లకు తెలుసు. మా రాష్ట్రం మాకు కావాలని బంద్ మీద బంద్. బస్సులు లేవు, రోడ్డు మీద రాళ్లు, కాలే టైర్లు. మా బాపు ఎడ్లబండి కట్టుకొని బయలెల్లితె సగం తొవ్వల ఆపి, "ఇయ్యాల చక్రం తిరగొద్దు పెద్దయ్యా," అని ఎనుకకు పంపిన్రంట. నా భర్త పట్నంల గుమాస్తా. సమ్మెల కూసున్నోళ్లతోపాటు ఆయనను పట్టుకపోయి జైల్ల పెట్టిన్రు. ఇంట్ల నేను, అత్త, పెండ్లి కాని ఆడబిడ్డ. అంతే.

జూన్ ఇరవైనాలుగు, మంగళవారం, బిడ్డ పుట్టింది. మూడు వారాలు ముందే పుట్టింది. ఆడపిల్ల. దవాఖాన సిస్టరమ్మ బస్సు లేక నడుచుకుంట వచ్చింది. బిడ్డను తిప్పి చూసింది, అరికాలు మీద చిటికేసింది. బిడ్డ మూలిగి మళ్ల పడుకున్నది. రొమ్ము నోటికి పెడితె పట్టలేదు.

"శాన మత్తుగున్నది. తల్లి ఏమన్న మందు గిందు తిన్నదా?" అని అడిగింది సిస్టరమ్మ.

నేను అత్త దిక్కు చూసిన. చెప్పాల్సింది ఆమె. ఆమె కండ్లు కిందికేసి, సంఘంల దుఃఖవార్త చెప్పే గొంతుతోని అన్నది: "నాకేం ఎర్క సిస్టరమ్మా. చేవెళ్ల నుంచి ఏదో డబ్బి తెచ్చుకున్నది. పొద్దున పొద్దున తలుపేసుకొని మింగుతుండె."

"అత్తమ్మా, మీరే కద పెట్టిన్రు!"

"నేనా? నేను పెట్టిన్నా? ప్రభువా, విను."

ఆడబిడ్డ పోయి నా పెట్టెలకెల్లి డబ్బి తెచ్చింది. గులాబి పువ్వు మూత. సిస్టరమ్మ వాసన చూసి మూత పెట్టింది. "తల్లిని తిట్టకుండ్రి. బిడ్డకు గంటకోసారి రొమ్ము పట్టియ్యండ్రి. రెండు మూడు రోజులల్ల తేరుకుంటది," అని చెప్పి పోయింది. ఆ మాట నేను విన్న, అత్త విన్నది, ఆడబిడ్డ విన్నది. రెండు మూడు రోజులు అన్నది.

మూడు రోజులకు, శుక్రవారం, సంఘం ఆడోళ్లు వచ్చిన్రు. పాలు పరీక్ష చేస్తమన్నరు.

మా దిక్కు ఊర్లల్ల అది పాత రివాజు. బాలింత పాలు సాసర్ల పిండి గండుచీమను వేస్తరు. చీమ గట్టెక్కితె పాలు మంచివి, చస్తె విషం. హిందువుల ఇండ్లల్ల చేసేది, మా ఇండ్లల్ల కూడ చేసేది. తేడా ఒక్కటే. వాళ్లు చీమను వేసి కండ్లార్పకుండ చూస్తరు. మాకు ప్రార్థన లేకుండ ఏ పని మొదలుకాదు. ప్రార్థనంటె కండ్లు మూసుకోవాలె.

తెల్ల సాసర్ల నా పాలు. అందుల చీమను వేసి అత్త ప్రార్థన ఎత్తుకున్నది. నా గురించి, నా తల్లి గురించి, చేవెళ్ల గురించి, మత్తు గురించి, కొడుకు జైలు గురించి, బిడ్డ ప్రాణం గురించి. అందరు కండ్లు మూసుకున్నరు. నేను తెరిచే ఉన్న. చీమ మొదట ఈదింది. రెండుసార్లు అంచు దాంక వచ్చింది, సాసర్ నున్నగుండి జారింది. అత్త "నా కొడుకు" అన్నప్పుడు దాని కాళ్లు ఆగినయి. ఆమెన్ అన్నప్పుడు వెల్లకిల పడి ఉన్నది.

"చచ్చింది," అన్నరు.

"అంతసేపు పాలల్ల ఉంచితె చావదా!" అని నేను మొత్తుకున్న.

"బాలింత కద, తల తిరుగుతున్నది దానికి," అన్నది అత్త, ఎంతో జాలిగ.

నా బావ, అంటె నా భర్త అన్న, షాబాద్‌ల ఉంటడు. ఆయన భార్య, నా యారాలు, రెండు నెలల కింద కని ఉన్నది. ఆమెకు పాలున్నయి. ఆ పగలే బిడ్డను గుడ్డల చుట్టి, బండిల ఏసి షాబాద్ పంపిన్రు. ఆ బండిని ఎవరు ఆపలేదు. పసిబిడ్డ ఉన్న బండి అని తొవ్వ ఇచ్చిన్రంట. నా బాపు బండిని ఆపిన తొవ్వే అది.

నా పాలు ఎండాలని మల్లెపూలు రొమ్ములకు కట్టి మీద చీర చింపి బిగించి చుట్టిన్రు. నాలుగు రోజులు ఆ పూలు నా ఒంటి మీద మురిగినయి. నాకు జ్వరం, పైన మల్లెల వాసన. అప్పటి నుంచి నా తలల మల్లెపువ్వు పెట్టలేదు.

జులై ఆఖరుల నా భర్త జైలు నుంచి వచ్చిండు. దండలేసి తెచ్చిన్రు. అంత చెప్పిన. తలకాయ గోడకు ఆనించి విన్నడు. "అమ్మ అబద్ధం చెప్పదు కదనే," అన్నడు. జైలుకు పోయి రాష్ట్రం అడిగినోడు, షాబాద్ పోయి బిడ్డను అడగలేకపోయిండు. నేను పోత అంటె, "ఏడాది పాలు తాగనియ్యి, తర్వాత చూద్దాం," అన్నడు. అత్త పక్కకెల్లి, "విషం పాలు తాగిచ్చేందుకా?" అన్నది.

పాస్టరుగారు నన్ను ప్రభువు బల్లకు రావొద్దన్నడు. నెలకో ఆదివారం రొట్టె, రసం అందరికి ఇస్తుంటె నేను ఎనుక బెంచీల కూసునేది. నా ముంగటికెల్లి తట్ట తీసుకపోయేది మా అత్తనే. నా కాడికి రాంగనె తట్టను జర ఎత్తిపట్టి దాటిచ్చేది, ఎంగిలైతదేమో అన్నట్టు.

అక్కడ చేవెళ్ల అంగడిల మా అమ్మను చూసి, "గంజాయి లడ్డూలు ఇంకున్నయా అక్కా?" అని నవ్విన్రంట. మా అమ్మ అంగడికి పోవుడు మానింది, చర్చికి పోవుడు మానింది. 1970 మే నెలల చచ్చిపోయింది. చచ్చేముందు నా చెయ్యి పట్టుకొని, "నిజంగ నా డబ్బిల ఏమన్న ఉండెనా బిడ్డా?" అని అడిగింది. నా సొంత తల్లి అడిగింది. అత్తను నేను క్షమించాలనుకున్న రోజులు ఏమన్న ఉంటె అవి ఆ పూటతోని అయిపోయినయి.

ఆ ఏడాది నేను చీమలను పరీక్ష చేసిన. బర్రెపాలల్ల వేసిన, మేకపాలల్ల వేసిన, గంజిల వేసిన. ఉత్త నీళ్లల్ల కూడ వేసిన. వెంటనే తీస్తె బతికింది. అత్త ప్రార్థన చేసినంతసేపు ఉంచితె అన్నిట్ల చచ్చింది. ఈ సంగతి ఎవరికి చెప్పలేదు. చెప్తె ఒక్క పూట మాట్లాడుకొని మర్చిపోతరు. నాకు మాట కాదు కావాల్సింది. నా బిడ్డ నా ఇంటికి రావాలె, పంపినామె నోటితోనే రావాలె.

ఆడబిడ్డ పెండ్లి అప్పటికే గండిపేట దిక్కు ఇంటికి అయింది. తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆమెకు వాంతులే. ఒక పొద్దున పెరట్ల నల్లరాయి కడిగి బోర్లిచ్చి ఉన్నది. వంగి వాసన చూసిన. పిల్లను పక్కకు పిలిచి ఒక్కసారి చెప్పిన: "మీ అమ్మ నీకు పెట్టేది గంజాయి. నాకు పెట్టింది గదే."

"పో వదినె," అని నవ్వింది. "అమ్మ పెట్టేది మందు. నీ కోపం నాకెందుకు?"

రెండోసారి చెప్పలేదు.

1970 డిసెంబర్ పది, గురువారం, ఆమెకు కొడుకు పుట్టిండు. మూడు రోజులకు ఆదివారం. చర్చి అయినంక సంఘం ఆడోళ్లంత వచ్చిన్రు. గండిపేట నుంచి పిల్ల అత్త కూడ వచ్చింది, పెద్ద గొంతు మనిషి, మా అత్తకు వియ్యపురాలు. మనవన్ని ఒళ్లె పెట్టుకొని చూసింది.

"ఏంది వదినె, పిలగాడు కండ్లే తెరవడు? పాలు పడతలేడు?" అన్నది.

"చలికాలం కద వదినె, వెచ్చగ పడుకుంటున్నడు," అన్నది అత్త.

నేను లోపలికి పోయి ఆ తెల్ల సాసర్ తెచ్చి నడుమ పెట్టిన.

"మనింట్ల రివాజున్నది కద అత్తమ్మా. పాలు చూద్దాం."

అత్త మొఖం నేను ఇప్పటికి గీసి చూపియ్యగల. "దానికెందుకిప్పుడు," అన్నది.

"ఎందుకేంది? చూడనియ్యి," అన్నది వియ్యపురాలు. "మీ ఇంట్ల ముందు ఒకసారి ఏందో అయిందని మేం కూడ విన్నం. మా వంశానికి విషం తాగిపిస్తరా?"

ఆడబిడ్డ ఏడ్చుకుంట పాలు పిండింది. గండుచీమను నేనే తెచ్చిన. ప్రార్థన చేస్తనని అత్త గొంతు సవరించింది. "మీకు దగ్గున్నది అత్తమ్మా, నేను చేస్త," అని చీమను పాలల్ల వదిలి తలకు కొంగు కప్పుకున్న. అందరు కండ్లు మూసుకున్నరు. ఇద్దరం మూసుకోలేదు. నేను ఆమెను చూస్తున్న. ఆమె చీమను చూస్తున్నది.

జల్దిన ఆపేందుకు నేను మొదలుపెట్టలేదు. తండ్రీ, ఈ ఇంటి గడపను దీవించు. ఈ ఇంటి తూర్పున ఉన్న ఇంటిని, పడమట ఉన్న ఇంటిని దీవించు. తుపాకి దెబ్బకు పిల్లలను పోగొట్టుకున్న తల్లులను ఓదార్చు. జైలుకు పోయివచ్చిన మొగోళ్లకు బుద్ధినియ్యి. గండిపేట చెరువుల నీళ్లు తగ్గనియ్యకు. చేవెళ్ల సమాధుల తోటల మా అమ్మ ఉన్నది, ఆమె అడిగిన మాటకు జవాబియ్యి.

"ఆమెన్," అన్నది అత్త, గట్టిగ.

ఎవరు అనలేదు. ప్రార్థన అయిపోలేదని అందరికి తెలుసు. నేను షాబాద్ తొవ్వ ఎత్తుకున్న. తండ్రీ, ఆ తొవ్వ పొంటి ఉన్న ఒక్కొక్క ఊరిని దీవించు...

"ఆమెన్ అనవే! ఆమెన్ అను!"

తొవ్వల ఊరి పేరు చెప్పిన. ఇంకో ఊరి పేరు చెప్పిన. చీమ తిరుగుడు ఆగింది. అప్పుడు మా అత్త ముందుకు వంగి సాసర్ల వేలు పెట్టి చీమను పైకి తీసింది.

అందరు కండ్లు తెరిచిన్రు. చీమ బతికే ఉన్నది. ఆమె వేలు మీదికెల్లి మణికట్టు దాంక ఉరికింది. ఆమె దులుపుకోలేదు కూడ.

"తీసినవేంది?" అన్నది వియ్యపురాలు.

నేను మాట్లాడిన. ఏడాదిన్నర నుంచి దాచిపెట్టుకున్న మాట అది. "నా పాలల్ల పడ్డదాన్ని ఎందుకు తియ్యలేదు అత్తమ్మా?"

ఉత్త నీళ్లల్ల కూడ చీమ చస్తదని ఆమెకు తెల్వదు. గంజాయికే చస్తదని నమ్మింది. తన బిడ్డ పాలల్ల అదున్నదని ఆమెకు తెలుసు. అందుకే వేలు పెట్టింది. అంతమంది ముంగట ఆ వేలు చెప్పింది. నోరు తర్వాత చెప్పింది.

"నేనే పెట్టిన," అన్నది. "ఇద్దరికి నేనే పెట్టిన. వాంతులు ఆగాలని పెట్టిన."

"ఏం పెట్టినవు?"

"గంజాయి."

బీడీ ముసలమ్మ మూలకు కూసోని ఉండె. లేచి నిలబడింది. "ఓ అక్కా! నా బీడీ వాసనకు ఆర్నెల్లు బయట నిలబెట్టినవు. నీ గంజాయి వాసనకు నిన్నెన్నేండ్లు నిలబెట్టాలె?" అన్నది. ఎవరో నవ్విన్రు. నేను నవ్వలేదు. నాకు పని ఉండె.

"డబ్బిల ఉండలు ఎవరివి?"

"నావి."

"చేవెళ్ల నుంచి వచ్చినయా?"

"రాలేదు."

"షాబాద్‌కు కబురు పంపండ్రి. మీ నోటితోని చెప్పి పంపండ్రి."

పంపింది. ఆడబిడ్డ కొడుకును ఎవరు తీసుకపోలేదు. పాలు ఎవరు ఎండిపియ్యలేదు. ఆ పిలగాడు తెల్లారి నుంచి మంచిగ తాగుడు మొదలుపెట్టిండు. నా బిడ్డకు ఆ తెల్లారి దొరకలేదు.

డిసెంబర్ పంతొమ్మిది, శనివారం, నేను షాబాద్ పోయిన. నా యారాలు బిడ్డను చంకల ఎత్తుకొని వాకిట్ల నిలబడి ఉండె.

"పాలిచ్చింది నేను," అన్నది.

"తెలుసక్కా."

"నడక నేర్పింది నేను."

"అది కూడ తెలుసు. ఇటియ్యి."

"చిన్నమ్మ కాడికి పో బిడ్డా," అని ఏడ్చుకుంట ఇచ్చింది. బస్సుల మొయినాబాద్ దాంక పిల్ల ఆమె కోసం ఏడ్చింది. నా భుజం కొరికింది. కండక్టర్ నా దిక్కు అనుమానంగ చూసి, "పిల్ల నీదేనా అమ్మా?" అని అడిగిండు.

నల్లరాయిని పెరట్లకెల్లి తీయించి మా గడప ముంగట మెట్టు కింద పాతిపెట్టిచ్చిన. ఇంట్లకు వచ్చేటోళ్లంత దాని మీద అడుగేసే వచ్చేది. అత్త బతికినన్ని రోజులు, చర్చికి పోవాలన్నా బావి కాడికి పోవాలన్నా, దాని మీద కాలు పెట్టే పోయింది. సంఘం పెద్దరికం పోయింది. ఎనుక బెంచీల కూసున్నది. పక్షవాతంతోని ఆమె చెయ్యి పడిపోతె అన్నం నేనే తినిపిచ్చిన. తక్కువ పెట్టలేదు, ఎక్కువ మాట్లాడలేదు. సమాధి కాడ కోడలు ప్రార్థన చెయ్యాలె అన్నరు. "ఆమెన్" అన్న. ఇంకేమన్న చెప్పమన్నరు. అయిపోయిందన్న.

ఇప్పుడు నా మనుమరాలు పట్నంల ఒక దవాఖాన ల్యాబుల పనిచేస్తది. కొన్ని దేశాలల్ల పుట్టిన పిల్ల మొదటి నల్లదొడ్డిని, అంటె మొదటి మలాన్ని, పరీక్ష చేస్తరంట. తల్లి కడుపుతోని ఉన్నప్పుడు నెలల కింద తిన్న గంజాయి కూడ అందుల తేలుతదంట.

"ఎవరు తినిపిచ్చిన్రో తేలుతదా?" అని అడిగిన.

"అదెట్ల తేలుతది అమ్మమ్మా? తిన్నదో లేదో చెప్తది, అంతే."

"అట్ల తేలినంక పిల్లను ఏం చేస్తరు?"

"కొన్ని కాడ తల్లి నుంచి తీసుకపోతరు."

"మరి మా సాసర్‌కు, మీ మిషనుకు తేడా ఏంది?" అన్న. "నాకు తెల్వదు అమ్మమ్మా," అన్నది పిల్ల. మంచిదే. తెల్వనప్పుడు తెల్వదనుడు మా అత్తకు రాలేదు.

నా బిడ్డ చిన్నగ పుట్టింది, మత్తుగ పుట్టింది. గంజాయికి గట్లయిందా, నెల తక్కువకు గట్లయిందా, నాకు ఎవరు తేల్చి చెప్పలేదు. ఎవరి మాటకు నా నుంచి పోయిందో నాకు తెలుసు. కాబట్టి లెక్క అక్కడి నుంచే రాస్తున్న.

నేను మింగిన ఉండలు నూట ముప్పై. బిడ్డ నా కాడ లేని కాలం పదిహేడు నెలల ఇరవైరెండు రోజులు. మొదటి పన్ను, మొదటి అడుగు, మొదటి మాట, మూడూ షాబాద్‌ల. పాలు, మొత్తం. ప్రభువు బల్ల, పద్దెనిమిది ఆదివారాలు. మల్లెపూలు, అప్పటి నుంచి ఇప్పటి దాంక. మా అమ్మ, ఒకతె, అనుమానంతోనే పోయింది. నా బిడ్డకు ఇప్పుడు మనుమలు ఉన్నరు. వారానికోసారి ఫోన్ చేస్తది. ఫోన్ ఎత్తంగనె "చిన్నమ్మా" అంటది.